మౌంట్ హోప్ ఎత్తు 377 మీటర్లు ఎలా పెరిగింది? ధ్రువాల దగ్గర కొండల లెక్కల కథ, పేర్ల కథ

2017 డిసెంబరులో బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వే వాళ్ళు ఒక కొత్త కొలత బయటపెట్టారు. అంటార్కిటికా ద్వీపకల్పంలో మౌంట్ హోప్ అని ఒక శిఖరం ఉంది. దాని ఎత్తు 2,862 మీటర్లని అప్పటిదాకా లెక్క. శాటిలైట్ చిత్రాలతో మళ్ళీ కొలిస్తే 3,239 మీటర్లని తేలింది, అంటే ఏకంగా 377 మీటర్ల తేడా. మన చార్మినార్ ఎత్తు సుమారు 56 మీటర్లు కదా, ఒకదాని మీద ఒకటి ఆరు చార్మినార్లు పేర్చినా ఆ తేడా పూడదు. ఈ ఒక్క కొలతతో, బ్రిటన్ తనదని చెప్పుకునే అంటార్కిటికా భాగంలో అన్నిటికంటే ఎత్తైనదిగా పేరున్న మౌంట్ జాక్సన్, 3,184 మీటర్లతో రెండో స్థానానికి దిగిపోయింది.

కొండ ఏమీ పెరగలేదు. దాన్ని మనుషులు 1935లోనే చూశారు, మరుసటి ఏడాదే నేల మీద నుంచి సర్వే కూడా చేశారు. అయినా ఎనభై ఏళ్ళ పాటు సరైన ఎత్తు తెలియలేదు. ఈ సంగతి చదివినప్పటి నుంచి నాకు "కనుగొన్నారు" అనే మాట కనిపిస్తే ఒక్క క్షణం ఆగాలనిపిస్తుంది. ఫలానా సంవత్సరంలో ఫలానా ఆయన కనుగొన్నాడు అని చిన్నప్పుడు బిట్ పేపర్ కోసం బట్టీ పట్టేవాళ్ళం, అంతటితో పని అయిపోయేది. ధ్రువాల దగ్గరి కొండల విషయంలో మాత్రం ఆ ఒక్క వాక్యం వెనక రెండు మూడు తరాల మనుషుల చాకిరీ ఉంటుంది, ఎందుకంటే ఒకరు చూస్తారు, అది అసలు ఎక్కడుందో ఇంకొకరు తేలుస్తారు, ఎత్తు మరొకరు కొలుస్తారు, పేరు ఇంకెక్కడో ఒక కమిటీ గదిలో ఖాయమవుతుంది, ఈ నాలుగింటిలో ఏది తప్పినా మిగతావి మళ్ళీ మొదటికొస్తాయి. అదెలా జరుగుతుందో చూడటానికి మౌంట్ హోప్‌నే పట్టుకుని నడుద్దాం.

1935 నవంబరు 23న లింకన్ ఎల్స్‌వర్త్ అనే అమెరికన్, హెర్బర్ట్ హోలిక్-కెన్యన్ అనే పైలట్, ఇద్దరే ఇద్దరు 'పోలార్ స్టార్' అనే చిన్న విమానంలో డండీ ద్వీపం నుంచి బయలుదేరారు. అంటార్కిటికాను ఆ చివరి నుంచి ఈ చివరికి విమానంలో దాటాలని వాళ్ళ ప్రయత్నం. దానికి రెండు రోజుల ముందే ఒకసారి బయలుదేరి మధ్యలో వెనక్కి తిరగాల్సి వచ్చింది. ఆ ప్రయాణాల్లో ద్వీపకల్పం పొడుగునా మ్యాపులో లేని కొండలు వరసగా కనిపించాయి. ఎల్స్‌వర్త్ ఆ శ్రేణికి 'ఎటర్నిటీ' అని పేరు పెట్టి, అందులో బాగా కనబడే మూడు శిఖరాలను ఫెయిత్, హోప్, చారిటీ అన్నాడు. తెలుగు బైబిల్ చదివిన వాళ్ళకు ఈ మూడూ వెంటనే అందుతాయి: విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ. హోప్‌కి అక్కడ వాడిన మాట నిరీక్షణ, అంటే ఎదురుచూపు. ఎనభై ఏళ్ళు తన అసలు ఎత్తు కోసం ఎదురు చూసిన కొండకు తెలుగులో అంతకన్నా తగిన పేరు నాకు తోచడం లేదు.

ఇప్పుడు ఆ విమానంలో కూర్చున్న మనిషి పరిస్థితి ఒకసారి ఊహించుకోండి. కింద తెలుపు, పైన తెలుపు, మధ్యలో అక్కడక్కడా నల్లరాయి. మామూలుగా ఒక కొండ ఎంత దూరంలో ఉందో అంచనా వేయాలంటే మనకు ఒక తాటిచెట్టో, గుడిగోపురమో, కనీసం కరెంటు స్తంభమో ఆసరా దొరుకుతుంది, అక్కడ అవేమీ లేవు. దానికి తోడు గాలిలో దుమ్ము లేకపోవడం వల్ల వంద కిలోమీటర్ల దూరంలోని కొండ కూడా చెయ్యి చాపితే అందేలా కనిపిస్తుంది. ఇక మనం ఎక్కడున్నామనేదే పెద్ద ప్రశ్న. ఇంత వేగంతో ఇన్ని గంటలు ఈ దిక్కుగా వచ్చాం కాబట్టి ఇక్కడ ఉండాలి అని లెక్క వేసుకోవడమే ఆ రోజుల్లో దారి. ఎదురుగాలి గంటకు ముప్పై కిలోమీటర్లని తెలియక వదిలేస్తే, గంట తిరిగేసరికి మీ స్థానం ముప్పై కిలోమీటర్లు తప్పుతుంది, మీరు కాగితం మీద గుర్తు పెట్టిన ప్రతి కొండా అంతే తప్పుతుంది. ఎల్స్‌వర్త్ ప్రయాణం ఒక్క పూటలో అయిపోవాల్సింది కాస్తా, వాతావరణం బాగోలేక దారిలో నాలుగుసార్లు మంచు మీద దిగి, డిసెంబరు 5న గమ్యానికి కొద్ది దూరంలో ఇంధనం అయిపోయి, మిగతా దారి కాలినడకన ముగిసింది. ఆయన తీసుకొచ్చిన ఫొటోలను పక్కపక్కన పెట్టుకుని, ఏ కొండ ఎక్కడుందో తర్వాత భూగోళ శాస్త్రవేత్తలు మళ్ళీ లెక్క కట్టాల్సి వచ్చింది.

ఆయనకన్నా ముందు, 1928 డిసెంబరులో, ఇదే ద్వీపకల్పం మీద హ్యూబర్ట్ విల్కిన్స్ అనే ఆస్ట్రేలియన్ అన్వేషకుడు ఎగిరాడు. పైనుంచి ఆయనకు ఈ భూభాగాన్ని అడ్డంగా కోస్తూ సముద్రపు పాయలు కనిపించాయి, ఒకదానికి 'కేసీ ఛానెల్' అని పేరు కూడా పెట్టాడు. దాంతో కొన్నేళ్ళు ఇది ద్వీపకల్పం కాదు, వరసగా ఉన్న దీవులేనని అందరూ నమ్మారు. తర్వాత 1934 నుంచి 1937 దాకా జాన్ రైమిల్ నాయకత్వంలో వెళ్ళిన బ్రిటిష్ బృందం కుక్కలు లాగే స్లెడ్జిల మీద ఆ దారినే వెళ్ళి చూస్తే అక్కడ సముద్రపు పాయలే లేవు. కొండల మధ్య లోయలను నింపేసిన హిమానీనదాలు పైనుంచి చూస్తే గడ్డకట్టిన సముద్రంలా కనిపించాయి. విల్కిన్స్ అబద్ధం చెప్పలేదు, తనకు కనిపించినదే చెప్పాడు. ఆ పేరు మాత్రం వృథా పోలేదు, ఇప్పుడు అక్కడి ఒక హిమానీనదానికి ఉంది.

అదే రైమిల్ 1936 నవంబరులో ఒక పెద్ద శిఖరాన్ని సర్వే చేశాడు. దానికి వేక్‌ఫీల్డ్ ప్రభువు పేరు పెట్టారు. ఇప్పుడు మ్యాపులో ఎల్స్‌వర్త్ చెప్పిన హోప్ ఒకటి, రైమిల్ చెప్పిన వేక్‌ఫీల్డ్ ఒకటి. ఇవి రెండు కొండలా, ఒకటేనా? జవాబు దొరికింది 1947లో. ఆ ఏడాది ఫిన్ రోన్ నడిపిన అమెరికన్ బృందం ఆకాశం నుంచి ఫొటోలు తీసింది, బ్రిటిష్ సర్వేయర్లు నేల మీద నుంచి కొలతలు తీశారు, రెండూ పోల్చి చూస్తే హోప్, వేక్‌ఫీల్డ్ ఒకటే కొండ. ముందు చూసినవాడికి గౌరవంగా హోప్ పేరునే ఉంచి, వేక్‌ఫీల్డ్ పేరును దగ్గర్లోని ఎత్తైన మంచు మైదానానికి మార్చారు. నాకు ఈ పరిష్కారం చాలా నచ్చుతుంది. ఎవరి శ్రమనూ చెరిపేయకుండా తప్పును దిద్దారు.

ఉన్న కొండకు రెండు పేర్లు రావడం ఒక ఎత్తయితే, లేని కొండకు పేరు రావడం ఇంకో ఎత్తు. 1818లో ఆర్కిటిక్‌లో జాన్ రాస్ అనే బ్రిటిష్ నావికాధికారి లాంకాస్టర్ సౌండ్ అనే సముద్రపు పాయలోకి ఓడ నడుపుతూ, ఎదురుగా దారి మూసేస్తూ కొండల వరస చూశాడు. వాటికి నౌకాదళ కార్యాలయంలోని పెద్దమనిషి క్రోకర్ పేరు పెట్టి వెనక్కి తిరిగాడు. మరుసటి ఏడాది ఎడ్వర్డ్ ప్యారీ సరిగ్గా అదే చోటికి వెళ్ళి, ఆ కొండలు ఉండాల్సిన చోటు గుండా ఓడలో దర్జాగా వెళ్ళిపోయాడు. అక్కడ ఉన్నది నీళ్ళే. దాదాపు తొంభై ఏళ్ళ తర్వాత, 1906లో, రాబర్ట్ పియరీ అనే అమెరికన్ అన్వేషకుడు ఆర్కిటిక్ సముద్రంలో దూరంగా కొండలతో ఒక భూభాగం కనిపించిందని చెప్పి, తన యాత్రకు డబ్బిచ్చిన బ్యాంకర్ పేరుతో దానికి 'క్రాకర్ ల్యాండ్' అని పేరు పెట్టాడు. 1913లో దాన్ని వెతకడానికే ప్రత్యేకంగా ఒక యాత్ర బయలుదేరింది, గడ్డకట్టిన సముద్రం మీద రోజుల తరబడి నడిచింది, అక్కడా ఏమీ లేదు. మంచును ఆనుకుని చల్లటి గాలి, దాని పైన కాస్త వెచ్చటి గాలి పొర ఉంటే వెలుతురు వంగి, దూరంగా ఉన్న మంచు గడ్డలు నిలువుగా సాగి కొండల్లా కనిపిస్తాయి. మనకు మే నెలలో తారురోడ్డు మీద కనిపించే ఎండమావి లాంటిదే, కాకపోతే ఇది చలిలో పుడుతుంది, నీళ్ళకు బదులు పర్వతాలను చూపిస్తుంది. అందుకే "కళ్ళారా చూశాను" అనేది ధ్రువాల దగ్గర చాలదు.

మరి సరైన మ్యాపు ఎలా తయారవుతుంది? చెయ్యి చాపి బొటనవేలు నిలబెట్టి, ముందు ఎడమ కన్ను, తర్వాత కుడి కన్ను మూసి చూడండి. వేలు వెనకున్న గోడ మీద అటూ ఇటూ జరుగుతుంది. వేలు ముఖానికి దగ్గరైతే ఎక్కువ జరుగుతుంది, దూరమైతే తక్కువ. ఏరియల్ ఫొటోల నుంచి ఎత్తు కొలవడం వెనక ఉన్న సూత్రం ఇంతే. విమానం ముందుకు పోతూ ఒకే కొండను రెండు చోట్ల నుంచి ఫొటో తీస్తుంది. రెండు ఫొటోల్లో శిఖరం ఎంత జరిగిందో కొలిస్తే అది కెమెరాకు ఎంత దగ్గరగా ఉందో, అంటే ఎంత ఎత్తుందో తెలుస్తుంది. ఈ విద్యకు బాట వేసిన ఫ్రెంచి సైనికాధికారి లొసెదా, ఫొటోల జంటను కొలిచే యంత్రం చేసిన జర్మన్ శాస్త్రవేత్త పుల్‌ఫ్రిష్, వీళ్ళిద్దరి పేర్లూ అంటార్కిటికా ద్వీపకల్పంలోని ఎత్తులకు ఉన్నాయి.

అయితే ఫొటోలు ఎన్ని తీసినా, వాటిని నేలకు కట్టే మేకులు కావాలి. ఈ ఫొటోలో కనిపించే ఫలానా రాయి అక్షాంశం ఇంత, రేఖాంశం ఇంత, ఎత్తు ఇంత అని కొన్ని చోట్ల అయినా మనిషి వెళ్ళి కొలిచి ఉండాలి, లేకపోతే మొత్తం మ్యాపు గాలిలో తేలుతూ ఉంటుంది. 1946-47లో అమెరికా నౌకాదళం 'ఆపరేషన్ హైజంప్' పేరుతో సుమారు 70,000 ఏరియల్ ఫొటోలు తీసింది. ఈ మేకులు లేక వాటితో సరైన మ్యాపులు వేయడం కష్టమైపోతే, నేల మీద ఆ కొలతలు తీయడానికి మరుసటి ఏడాది హెలికాప్టర్లతో ఇంకో యాత్ర వెళ్ళాల్సి వచ్చింది. 1938-39లో జర్మన్లు కూడా ఇంకో వైపు ఇలాగే వేల ఫొటోలు తీసి, ఇదే కారణంతో ఇబ్బంది పడ్డారు. ఆ యాత్రలో ఒక పైలట్ షిర్మాఖర్ చూసిన రాతి గుట్టల ప్రాంతానికి ఆయన పేరే పెట్టారు. మన దేశం 1989 నుంచి నడుపుతున్న మైత్రి కేంద్రం ఉన్నది ఆ షిర్మాఖర్ గుట్టల్లోనే.

ఆకాశం నుంచి చూస్తే పెద్దవి తప్పిపోవు అనుకుంటాం. అంటార్కిటికా మొత్తంలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరమే తప్పిపోయింది. ఎల్స్‌వర్త్ 1935లో ఆ శ్రేణిని దూరం నుంచి చూసి 'సెంటినెల్' అని పేరు కూడా పెట్టాడు, కానీ ఖండంలోకెల్లా ఎత్తైన కొండ అందులో ఉందని ఆయనకు తెలియదు. ఆ కొండ పేరు విన్సన్ మాసిఫ్, దాన్ని అమెరికా నౌకాదళ విమానాలు గుర్తించింది 1958 జనవరిలో. ఎవరెస్టు మీద మనుషులు కాలు పెట్టిన నాలుగేళ్ళకు కూడా ఒక ఖండంలో అతి ఎత్తైన కొండ ఏదో మనకు తెలియదన్నమాట! దాని ఎత్తు మొదట 5,140 మీటర్లన్నారు, 1979లో సర్వే చేసి 4,897 అన్నారు, 2004లో శిఖరం మీదే జీపీఎస్ పెట్టి 4,892 అని తేల్చారు. నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల శిఖరాలను 172 రోజుల్లో ఎక్కినప్పుడు మొదలుపెట్టింది ఈ విన్సన్ నుంచే. అదే ఏడాది నవంబరులో అమెరికా పేర్ల కమిటీ, కొండ మొత్తానికి విన్సన్ మాసిఫ్ అని, దాని కొన శిఖరానికి మౌంట్ విన్సన్ అని విడదీసింది. 2019 డిసెంబరులో నిజామాబాద్ ప్రాంతపు అమ్మాయి మాలావత్ పూర్ణ ఎక్కినప్పుడు ఆ శిఖరానికి సొంత పేరు ఉంది, మస్తాన్ బాబు ఎక్కినప్పుడు లేదు.

ఇప్పుడు శాటిలైట్లు ఉన్నాయి కాబట్టి అంతా తేలిపోయిందని అనుకోవచ్చు, చాలావరకు నిజమే. 2018లో విడుదలైన 'రీమా' అనే ఎత్తుల మ్యాపు దాదాపు ఖండమంతటినీ ఎనిమిది మీటర్ల గడులుగా చూపించింది, అది కూడా పాత బొటనవేలి సూత్రంతోనే, కాకపోతే విమానానికి బదులు శాటిలైట్, కొలిచే మనిషికి బదులు సూపర్ కంప్యూటర్. మౌంట్ హోప్ కొలత కూడా ఈ తరహా పనే. ఊరికే సరదాకి చేసింది కాదది. ఆ కొండల మధ్య చిన్న విమానాలు తిరుగుతాయి, పైలట్ చేతిలోని మ్యాపులో కొండ 377 మీటర్లు తక్కువ ఉంటే మబ్బు పట్టిన రోజున ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

శాటిలైట్ చిత్రాలు అందరి ఫోన్లలోకి వచ్చాక ఇంకో రకం 'ఆవిష్కరణలు' మొదలయ్యాయి. అంటార్కిటికాలో పిరమిడ్ దొరికిందని మీకూ ఎవరో ఒకరు వాట్సాప్‌లో పంపే ఉంటారు, మా బంధువుల గ్రూపులోనే మూడుసార్లు వచ్చింది. అది ఎల్స్‌వర్త్ పర్వతాల్లో 1,265 మీటర్ల ఎత్తున్న మామూలు కొండ. రాతి పగుళ్ళలోకి పగలు నీరు దిగి, రాత్రి గడ్డకట్టి ఉబ్బి, రాయిని చీలుస్తుంది. ఇలా లక్షల ఏళ్ళు అన్ని వైపులా జరిగితే నాలుగు పలకల కొండ మిగులుతుంది. మనిషి చెయ్యి పడకుండా, ఒట్టి నీళ్ళూ చలీ కలిసి అంత చక్కటి ఆకారం చెక్కాయన్న నిజం నాకు ఆ వీడియోల్లో చెప్పే కథల కన్నా ఎన్నో రెట్లు బాగుంటుంది.

శాటిలైట్ కూడా చూడలేని కొండలున్నాయి. 1958లో సోవియట్ యాత్ర ఒకటి తూర్పు అంటార్కిటికా మధ్యలో మంచు మందం కొలవడానికి చిన్న పేలుళ్ళు జరిపి, అడుగు నుంచి వచ్చే ప్రతిధ్వనిని వింటూ పోయింది. చదునుగా ఉంటుందనుకున్న చోట ప్రతిధ్వని అనుకున్నదానికన్నా చాలా త్వరగా తిరిగి వచ్చింది. మంచు కింద ఒక పర్వతశ్రేణి మొత్తం పాతిపెట్టినట్టు ఉంది. భూభౌతిక శాస్త్రవేత్త గంబుర్‌త్సెవ్ పేరు పెట్టారు, ఆయన అప్పటికి మూడేళ్ళ క్రితమే చనిపోయాడు. ఆ శ్రేణి పొడవు సుమారు 1,200 కిలోమీటర్లు, శిఖరాలు ఆల్ప్స్‌ని తలపిస్తాయి, వాటి మీద వందల మీటర్ల నుంచి కిలోమీటర్ల దాకా మంచు. ఇంతవరకు ఒక్క మనిషి కూడా కంటితో చూడలేదు. వివరాలు తెలియడానికి మరో యాభై ఏళ్ళు పట్టింది. 2008-09లో ఏడు దేశాలు కలిసి, రాడార్లు కట్టిన చిన్న విమానాలతో ఆ మంచు మీద పొలం దున్నినట్టు వరసలు వరసలుగా లక్ష కిలోమీటర్లకు పైగా ఎగిరాయి. రేడియో తరంగాలు మంచును దాటి పోయి, రాయి తగిలితే వెనక్కి వస్తాయి. ఈ గుణం బయటపడిన తీరు కూడా ముచ్చటైనదే. విమానాల్లో ఎత్తు చూపే రేడియో పరికరాలు మంచు మీద తప్పు అంకెలు చూపిస్తుంటే, ఎందుకా అని ఆరా తీస్తే తరంగాలు మంచు లోపలికి వెళ్ళిపోతున్నాయని తెలిసింది.

ఇక పేర్లు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే అంటార్కిటికాకు పేర్లు పెట్టే ఒకే ఒక్క అధికారి అంటూ ఎవరూ లేరు. 1959లో సంతకాలై 1961లో అమల్లోకి వచ్చిన అంటార్కిటిక్ ఒప్పందం, ఏ దేశం హక్కునూ ఒప్పుకోకుండా, కాదనకుండా ఉన్నదాన్ని ఉన్నట్టే ఆపేసింది. కాబట్టి ఏ దేశానికి ఆ దేశమే పేర్ల కమిటీ పెట్టుకుంది. బ్రిటన్‌ది 1945 నుంచి, అమెరికాది 1947 నుంచి, బల్గేరియాది 1994 నుంచి ఉన్నాయి. పేరు పెట్టడమంటే ఇక్కడ మాకూ చోటుంది అని మెల్లగా చెప్పడం కూడా. అందుకే అర్జెంటీనా వాళ్ళకు మే 25 దీవి అయినది, బ్రిటన్‌కు కింగ్ జార్జ్ దీవి, రష్యన్లకు వాటర్లూ దీవి. ద్వీపకల్పాన్నే తీసుకోండి, ఒకే నేలను బ్రిటన్ గ్రహామ్ ల్యాండ్ అంటే అమెరికా పామర్ పేరుతో పిలిచేది, చివరికి 1964లో రెండూ రాజీకొచ్చి మొత్తానికి అంటార్కిటిక్ ద్వీపకల్పం అని, ఉత్తర భాగం గ్రహామ్, దక్షిణ భాగం పామర్ అని సర్దుకున్నాయి. అదే నేలకు చిలీ, అర్జెంటీనా తమ స్వాతంత్ర్య వీరుల పేర్లు పెట్టుకున్నాయి.

కమిటీలకు నియమాలున్నాయి. కొండ పరిమాణాన్ని బట్టి తరగతులు, ఎంత పెద్ద కొండో అంత పెద్ద సేవ చేసినవాళ్ళ పేరు. స్నేహం కొద్దీ, చుట్టరికం కొద్దీ, సరుకుల ప్రచారం కోసం పేర్లు పెట్టడం అమెరికన్ నియమాల్లో కుదరదు. పేర్లు చాలక బ్రిటిష్ కమిటీ ఒక్కో ప్రాంతానికి ఒక్కో అంశం ఎంచుకుంది, అలెగ్జాండర్ దీవి మీద బీథోవెన్, మోజార్ట్, బాఖ్ పేర్లున్నది అందుకే. వాళ్ళెవరూ ఆ మంచును చూడలేదు. నా మటుకు నాకు, ఆ చోట పని చేసిన మనిషి పేరే అందం. 1971-72లో అమెరికన్ ఓడ మీద వెళ్ళి సీల్స్‌ని, తిమింగలాలను, పక్షులను లెక్కపెట్టిన భారత సంతతి జీవశాస్త్రవేత్త అఖౌరీ సిన్హా పేరుతో 990 మీటర్ల మౌంట్ సిన్హా ఉంది. 2004-05లో ల్యుబోమిర్ ఇవనోవ్, డోయ్చిన్ వసిలెవ్ అనే ఇద్దరు బల్గేరియన్లు లివింగ్‌స్టన్ దీవిలోని తంగ్రా కొండల్లో గుడారం వేసుకుని, జీపీఎస్ మోసుకుంటూ నడిచి కొలిచారు. బల్గేరియా తన ఊళ్ళ పేర్లు, రాజుల పేర్లు అక్కడ విరివిగా పెట్టిందని కొందరు విసుక్కుంటారు గానీ, కాలినడకన కొలిచిన వాళ్ళకు ఆ హక్కు ఉందనే నేను అంటాను.

ఆర్కిటిక్ సంగతి పూర్తిగా వేరు, అక్కడ వేల ఏళ్ళుగా మనుషులున్నారు. మంచును చీల్చుకుని పైకి తేలిన రాతి కొండను ప్రపంచమంతా ఈ రోజు 'నునాటాక్' అంటోందంటే అది అక్కడి మూలవాసులైన ఇన్యూయిట్ల మాట. వాళ్ళకు పేర్లున్న చోట్లకే బయటివాళ్ళు మళ్ళీ పేర్లు పెట్టారు. కెనడాలో అలాంటి ఒక ఊరు, ఫ్రోబిషర్ బే, 1987లో తిరిగి ఇకాలుయిట్ అయింది.

అంటార్కిటికా పేర్లన్నిటినీ ఒక్కచోట చేర్చిన గెజెటీర్ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది, 1992లో మొదలైన పని. ఏ పేరునూ ఇదే సరైనదని తేల్చకుండా, ఏ దేశం ఏమని పిలుస్తోందో పక్కపక్కన పెడతారు. ముప్పై వేలకు పైగా పేర్లున్నాయి. రాత్రి పూట ఖాళీ దొరికితే నేను అందులో ఏదో ఒక పేరు కొట్టి చదువుతుంటాను, చాలా వాటికి కింద నాలుగైదు వాక్యాల్లో ఎవరు చూశారు, ఎవరు కొలిచారు, ఆ పేరు ఎందుకు అని రాసి ఉంటుంది. మౌంట్ హోప్ కొట్టి చూడండి. ఎల్స్‌వర్త్ ఉంటాడు, రైమిల్ ఉంటాడు, వదిలేసిన వేక్‌ఫీల్డ్ పేరు కూడా ఉంటుంది.